గురుగ్రహం, ఇరవై నాలుగు డిగ్రీలు

ఆ రోజుల్లో లోకంలోని మూఢత్వమంతా పంచాంగంలోంచే పుడుతోందని, దాన్ని నేనొక్కణ్ణే ఆపగలనని నా గట్టి నమ్మకం. (దేవుణ్ణి నమ్మనివాడు తనను తాను అంతగా నమ్మకూడదని నాకెవరూ చెప్పలేదు.) నూజివీడులో ఫిజిక్స్ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. చాట్రాయిలో ఒక సభలో, మా వైపు ఊళ్ళకు పంచాంగం రాసే సిద్ధాంతిగారి ముందే సవాలు విసిరాను. పంచాంగం ఉందన్న చోట గురుగ్రహం లేదని కొలిచి చూపిస్తాను, చూపించలేకపోతే ఉగాదినాడు పంచాంగం నేనే మైకులో చదువుతాను అన్నాను. ఆయన "మంచిదండీ మాస్టారూ" అని ఊరుకున్నారు.

మామయ్య మామిడితోటలో టెలిస్కోపు పెట్టాను. కాయలు సర్దే ప్లాస్టిక్ ట్రేల మీద నిలబెడితే, పక్కన ఎవరు నడిచినా గురుడు గంతులేసేవాడు. చివరికి సిమెంటు దిమ్మ పోయించాల్సి వచ్చింది. "ఆకాశంలో ఉన్నోడికి నా తోటలో ఫౌండేషన్ ఏంట్రా అల్లుడూ" అని మామయ్య గొణిగాడు. రోజూ పొద్దుగూకగానే గురుడికీ, స్థానం తెలిసిన ఒక నక్షత్రానికీ మధ్య దూరాన్ని డిగ్రీల చక్రం మీద చూసి రాసుకునేవాణ్ణి. పది రోజుల్లో లెక్క తేలింది. పంచాంగం ఇరవై నాలుగు డిగ్రీలు తప్పు!

కాగితాలతో సిద్ధాంతిగారింటికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అన్నీ ఓపిగ్గా చదివారు.

"కొలత చక్కగా ఉందండీ. అయనాంశ తీసేశారా?"

ఆ మాటే నేనెప్పుడూ విని ఉండలేదు. వసంతంలో పగలూ రాత్రీ సమానమైన రోజు సూర్యుడుండే చోటును నేను సున్నా అనుకున్నాను. ఆ చోటు ఏటా కాస్త వెనక్కి జరుగుతుంది. పంచాంగం సున్నా మాత్రం నక్షత్రాల మధ్య కదలకుండా ఉంటుంది. ఆ రెంటి మధ్య దూరమే అయనాంశ, అప్పటికి దాదాపు ఇరవై నాలుగు డిగ్రీలు. అది తీసేస్తే నా గురుడు బుద్ధిగా పంచాంగంలోకి వెళ్ళి కూర్చున్నాడు. "నేనూ కంప్యూటర్లోంచే తీస్తానండీ, అబ్జర్వేటరీ వాళ్ళ లెక్కలే" అని ఆయన నన్ను ఓదార్చారు.

ఉగాదినాడు మైకు పట్టుకున్నాను. గ్రహాల స్థానాలన్నీ చదివి, రాశిఫలాల దగ్గర ఆగిపోయాను. వాటిని కొలిచే పరికరం నా దగ్గర లేదన్నాను. "మా కర్కాటకం సంగతి చెప్పకుండా దిగిపోతావేంట్రా" అన్నాడు మామయ్య ముందు వరసలోంచి.

సిద్ధాంతిగారు మైకు తీసుకుని, దాన్ని అరచేత్తో మూసి నా చెవిలో అన్నారు. "గురుడు ఎక్కడున్నాడని అడిగారు మాస్టారూ. అక్కడుంటే మనకేంటని అడిగుంటే, నాకు ఇబ్బందయ్యేది."

ఆ తర్వాత జ్యోతిషం మీద చాలా వ్యాసాలు రాశాను. అన్నిట్లోనూ ఆ ఒక్క ప్రశ్ననే తిప్పి తిప్పి అడిగాను. అది ఎవరిచ్చారో మాత్రం ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు.