దాపూబాయి బోర్లించిన మంచం

మాది భీమవరం. దెయ్యాలూ లేవు, వాటి తాతలూ లేరని అందరి మీదా ఎగిరే మనిషిని నేను. ఇప్పటికీ ఉన్నాయని అనను. జరిగింది మాత్రం చెప్తాను.

కెనడాలో, బ్రాంప్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీ చేస్తాను. అక్కడ దాపూబాయి అనే రాజస్థాన్ పెద్దావిడ ఉండేది. కొడుకు ట్రక్కు నడుపుతాడు. ఎన్నిసార్లు మంచం మీద పడుకోబెట్టినా ఆవిడ నేల మీదికే దిగేది. లైటు వేయనిచ్చేది కాదు. "కిందపడితే నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ!" అని వచ్చీరాని హిందీలో మొత్తుకునేదాన్ని.

ఒకరోజు తనే చెప్పింది. వాళ్ళ పూర్వీకులు చిత్తోడ్ కోటలో రాజుకి కత్తులు చేసిన కమ్మరులట. కోట అక్బరు సైన్యానికి చిక్కాక, అది మళ్ళీ మనదయ్యేదాకా అందులో అడుగుపెట్టం, దీపం పెట్టం, మంచం మీద పడుకోం అని ఒట్టు పెట్టుకుని ఎడ్లబళ్ళ మీద ఊళ్ళు పట్టి తిరిగారట. మంచాన్ని బండి మీద బోర్లించి మోసుకెళ్ళేవారట.

"రాజులే పోయారు, ఇంకా ఒట్టేమిటమ్మా?" అన్నాను.

"మావాళ్ళు చాలామంది కోటలోకి వెళ్ళొచ్చారు. మా నాన్న వెళ్ళకుండానే బండి మీదే కన్నుమూశాడు. నన్ను ఒక్కసారి తీసుకెళ్తే చాలు, హాయిగా మంచం మీద పడుకుంటా" అంది.

మేనేజరుతో పోట్లాడి నేల మీద పరుపు వేయించాను. వేసవిలో తీసుకెళ్తానని కొడుకు మాటిచ్చాడు. మంచు కరగకముందే ఆవిడ పోయింది.

మర్నాడు గది తాళం తీస్తే మంచం బోర్లా పడి ఉంది, చక్రాలు పైకి. మోటారు ఉన్న ఇనప మంచం అది, నలుగురు పడితేగాని తిరగదు. తాళం వేసింది నేనే. సరిచేయించాం. మర్నాడూ అంతే. కొత్త బల్బు వేసినా వెలగలేదు, అదే బల్బు పక్క గదిలో భేషుగ్గా వెలిగింది. మేనేజరు కెమెరా చూశాడు, తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు. నాతో పనిచేసే వరంగల్ అమ్మాయి, "అక్కా, నేనైతే ఆ రూంలకు పోను" అని దండం పెట్టేసింది. మంచాన్ని అలాగే వదిలేసి పరుపు గోడకి ఆనించాం.

కొడుక్కి ఫోన్ చేశాను. అస్థికలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయట, సెలవు దొరకలేదట.

"ముందు అమ్మని కోటలోకి తీసుకెళ్ళు బాబూ" అన్నాను. మంచం సంగతి చెప్పలేదు. అతను ఏడ్చాడు.

కోట వాకిలి దాటగానే వీడియో కాల్ చేశాడు. చేతిలో ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ. అక్కడ సాయంత్రం, ఇక్కడ నా డ్యూటీ అప్పుడే మొదలైంది. ఫోన్ పట్టుకునే ఆ గదికి పరుగెత్తి తాళం తీశాను.

లైటు వెలుగుతోంది. మంచం సరిగ్గా నిలబడి ఉంది. దాని మీద పరుపు, పరుపు మీద సన్నటి మనిషి పడుకున్నంత గుంట. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

ఎలాగని అడక్కండి, నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ పూట మాత్రం లైటు ఆర్పలేదు. పడుకున్న మనిషిని లేపకూడదని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.