చేతికొచ్చిన గేర్ రాడ్

పోయిన వేసవిలో నాచారంలోని మా ఇంటి ముందు నేనూ, మా బావమరిది కిరణ్ కలిసి నా పాత కారుకు పొట్టి గేర్ రాడ్ బిగించాం. చెయ్యి ఎక్కువ కదపకుండానే గేర్లు పడతాయని ముచ్చటపడి కొన్నాను. పొద్దున్నుంచీ మొండికేసిన ఆ రాడ్ సాయంత్రానికి గానీ కూర్చోలేదు.

"మస్తుగుంది బావా, ఇగ తోలు" అన్నాడు కిరణ్.

నా భార్య సునీతను ఎక్కించుకుని ఉప్పల్ బయలుదేరాను. రింగురోడ్డు దగ్గర రెండో గేరు వేయగానే రాడ్ మొత్తం ఊడి చేతికొచ్చింది. కంగారులో నడిరోడ్డు మీదే బ్రేక్ వేస్తే ఇంజన్ ఆగిపోయింది. గేరు ఇరుక్కుపోయింది కనుక, నేను క్లచ్ తొక్కి పట్టుకుంటేనే, ఎవరైనా నెడితే కారు కదులుతుంది. నేను దిగే వీల్లేదు. వెనుక నుంచి బస్సు హారన్ కొడుతూ వస్తోంది.

"నువ్వు క్లచ్ వదలకు, నేను నూకుత" అంటూ సునీత దిగింది.

కానీ ముందు కారు నెట్టలేదు. బస్సుకు ఎదురుగా నిలబడి, చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగన్నా! బండి ఖరాబైంది" అని అరిచింది. బస్సు ఆమెకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరే దిగొచ్చి, ఆమెతో కలిసి కారును పక్కకు నెట్టాడు.

మర్నాడే పాత రాడ్ బిగించేశాం. రాడ్ చేతికొచ్చినప్పుడు నాకు సిగ్గు మాత్రమే వేసింది. భయమంటే ఏమిటో తెలిసింది, అద్దంలో ఆమె బస్సుకు ఎదురుగా కనిపించినప్పుడే.