మేస్త్రి మూడు ఊపులు

రాజులు గద్దె ఎప్పుడెక్కారో, ఎప్పుడు దిగారో చరిత్ర తారీఖులతో సహా రాసిపెట్టింది. ఒక మనిషి కుర్చీలో కూర్చునే ముందు దాన్ని మూడుసార్లు ఊపి చూడటం ఏనాడు మొదలుపెట్టాడో మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. ఆ లోటు మేస్త్రి భార్య తీర్చింది. ఆవిడ ఇంటి చరిత్రను రెండు యుగాలుగా విడగొట్టింది: ఊపుడుకు ముందు, ఊపుడు తర్వాత. కూతురికి పళ్లు రావడం, అద్దె ఇల్లు ఖాళీ చేయడం మొదటి యుగంలోవి. ఫ్రిజ్జు కొనడం, ఆవిడ మోకాళ్ల నొప్పులు రెండో యుగంలోవి.

ఊపుడంటే ఆషామాషీ వ్యవహారం కాదు, దానికో పద్ధతి ఉంది. కుడి అరచెయ్యి ఆనించాలి. మొదట మెల్లగా, రెండోసారి గట్టిగా, మూడోసారి పగవాణ్ణి తోసినట్టు తొయ్యాలి. ఆ తర్వాత చెయ్యి తియ్యకుండా, ఊపిరి బిగబట్టి ఐదు లెక్కపెట్టాలి. నిచ్చెన, బీరువా, మంచం, బస్టాపులో బల్ల, ఏదీ ఈ పరీక్ష తప్పించుకోలేదు. ఒకసారి చూడ్డానికొచ్చిన దూరపు చుట్టం, తాను కూర్చున్న కుర్చీనే మేస్త్రి వెనకనుంచి ఊపుతుంటే, ఇక లేవమంటున్నారు కాబోలనుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఊపుడు వల్ల ఇంటికి జరిగిన మేలు అదొక్కటేనని మేస్త్రి భార్య ఒప్పుకుంటుంది.

అందరూ ఆయన్ని ఊపుడు మేస్త్రి అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సుల డిపోలో మెకానిక్కుగా చేసి దిగిపోయాడు.

ఇంతటి మహత్తర సంప్రదాయం పుట్టిన రోజు గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ జోకులెయ్యరు. ఆ రోజు డిపో షెడ్డులో ఒక బస్సును స్టాండ్ల మీద నిలబెట్టింది మేస్త్రే. అంతలో టీ వచ్చింది. “స్టాండ్లు ఊపి చూశావుగా?” అని అడిగాడు ఆయన ప్రాణ స్నేహితుడు, డిపో వెల్డరు. “ఆఁ, చూశాలే” అన్నాడు మేస్త్రి, గ్లాసు అందుకుంటూ. చూడలేదు. వెల్డరు కిందికి దూరాడు. ఆ టీ ఎవరూ తాగలేదు.

వెల్డరు బతికాడు. ఎడమకాలు మోకాలి దాకే మిగిలింది. ఇప్పటికీ వెనక వీధిలోనే ఉంటాడు, కనబడితే బాగోగులు అడుగుతాడు. ఇరవై ఆరేళ్లలో ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే మేస్త్రికి కాస్త నిద్ర పట్టేదేమో.

ఇలా ఉండగా, ఆరు నెలల కిందట మేస్త్రి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. నరాల జబ్బు, మాత్రలతో పెరగకుండా ఆపొచ్చు గానీ పూర్తిగా పోదన్నాడు డాక్టరు. జీవితమంతా ఏది కదులుతోందో ఏది కదలడం లేదో తేల్చి చెప్పిన చెయ్యి, ఇప్పుడు తానే కదలసాగింది. మేస్త్రి దాన్ని చాలావరకు జేబులో దాచి తిరిగేవాడు.

కూతురు పశువుల డాక్టరు. కొండ మీది గూడేలకు మందుల పెట్టెతో పాత జీపులో తనే నడుపుకుంటూ వెళ్తుంది. దారిలో ఒక రాళ్లవాగు ఉంది. ఆ వాగు జీపు పొట్టను గీకని వారం లేదు. ఆయిలు తొట్టికి రెండుసార్లు చిల్లి పడింది. అందుకని జీపును రెండంగుళాలు పైకి లేపే సరంజామా తెప్పించింది: బరువు మోసే కమాను పట్టీలు కొత్తవి, కాస్త పొడుగాటి షాకబ్జర్లు, పట్టీలను ఇరుసుకు బిగించే యూ-బోల్టులు, బ్రేకు గొట్టాలు. వానలు మొదలవడానికి వారం ఉంది. గ్యారేజీవాళ్లేమో ఇరవై రోజులాగమన్నారు. మేస్త్రి ఒకసారి వెళ్లి చూసొస్తానని వెళ్లి, అక్కడ ఒక కారు ఇటుకల మీద నిలబడి ఉండటం, దాని కింద ఒక మనిషి పాట పాడుకుంటూ ఉండటం చూసి, మాట్లాడకుండా తిరిగొచ్చాడు.

“ఇంట్లోనే చేద్దాం” అన్నాడు.

“ఇది ఇల్లా, డిపోనా?” అంది భార్య.

“పెరట్లో చేస్తామే.”

“పెరడు మాత్రం ఎవరిదండీ? బట్టలెక్కడ ఆరెయ్యను, మీ నెత్తిమీదా?”

కూతురు అసలు విషయానికి వచ్చింది. “నాన్నా, కిందికి నేనే దూరతా. నీ మోకాళ్లు నీ మాట వినవు. నువ్వు పక్కన నిలబడి చెప్పు.”

మేస్త్రి ఆలోచించాడు. ఆవుకు పురుడు పోసే మనిషి, ఎద్దు తన్నినా బెదరని మనిషి, చెబితే వింటుందా? వినదు. వద్దంటే గ్యారేజీకి వెళ్తుంది. అక్కడ ఇటుకలున్నాయి. “సరే, కానీ నేను రమ్మన్న మరుక్షణం బయటికి రావాలి. ఎందుకని అడగకూడదు” అన్నాడు.

“అడగను.”

ఆదివారం పొద్దున్నే పెరట్లో బండల మీద పని మొదలైంది. ముందు వెనకభాగం. మేస్త్రి దగ్గరుండి అన్నీ చేయించాడు. హ్యాండ్ బ్రేకు వేయించాడు. నేలమీదుండే చక్రాలకు ముందూ వెనకా చెక్కలు కొట్టించాడు. జాకీ ఎత్తడానికే గాని మొయ్యడానికి కాదని ఏడుసార్లు చెప్పాడు. జీపు అడుగు చట్రం, అదే ఛాసిస్ కింద రెండువైపులా ఇనప స్టాండ్లు పెట్టించి, ఊడదీసిన చక్రాల్ని కూడా జీపు కిందికే పడుకోబెట్టించాడు. స్టాండు మోసం చేస్తే చక్రమైనా కాస్త జాగా మిగులుస్తుంది.

అప్పుడు జేబులోంచి చెయ్యి తీసి మూడుసార్లు ఊపాడు. ఐదు లెక్కపెట్టాడు. కూతురు చాప మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. ఆయన చెయ్యి మడ్‌గార్డు మీదే ఉంచాడు.

“రా, రా! బయటికి రా! కదులుతోంది.”

వచ్చింది. తనే భుజం పెట్టి తోసి చూసింది. జీపు గోడలా ఉంది. మళ్లీ దూరింది. రెండు నిమిషాలకు మళ్లీ పిలుపు. మళ్లీ ఏమీ లేదు. మూడోసారి పిలిచినప్పుడు చేతిలో పానాతోనే వంటింట్లోకి వెళ్లి, స్టీలు గ్లాసు, చెంబు తెచ్చింది. గ్లాసును ముందు మడ్‌గార్డు మీద పెట్టి, చెంబుతో అంచుదాకా నింపింది. “చూడు.”

నీళ్లు అద్దంలా ఉన్నాయి.

“ఇప్పుడు నీ చెయ్యి పెట్టు.” పెట్టాడు. నీళ్లలో సన్నటి ముడతలు లేచాయి. తీశాడు. ముడతలు పోయాయి.

“కదిలేది జీపు కాదు నాన్నా” అంది కూతురు మెల్లగా.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య, పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. మేస్త్రి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ పైన మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా పిలవలేదు. తుప్పు పట్టిన బోల్టుల్ని కూతురు తిడుతూ, కొడుతూ, బతిమాలుతూ ఊడదీసి, వెనక పట్టీలు రెండూ ఎక్కించింది.

తిన్నాక ముందుభాగం ఎత్తారు. అదే వరస: చెక్కలు, స్టాండ్లు, కింద చక్రాలు. ఊపాడు గానీ, మూడో ఊపులో పగవాడు లేడు. కూతురు గ్లాసును ఎడమ మడ్‌గార్డు మీద పెట్టి మళ్లీ అంచుదాకా నింపింది. “ఇకమీద ఇదే నీ చెయ్యి. సరేనా?” అని లోపలికి జరిగింది.

పావుగంట గడిచింది. అలవాటు ఊరుకోదు, మేస్త్రి గ్లాసుకు దూరంగా, జీపు తలుపు మీద వేళ్లు ఆనించాడు. వణుకు తగిలింది. అది తనది, తెలిసిందే. కుట్టుమిషను సూదిలా గబగబా కొట్టుకునే వణుకు. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది. నిదానంగా, నిలబడ్డ గేదె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నట్టు.

నోరు తెరిచాడు. మూశాడు. ఇప్పటికి మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ తప్పే. నాలుగోసారి పిలిస్తే ఆ పిల్ల కసురుకోదు, జాలిపడుతుంది. అదే భరించలేననిపించింది. గ్లాసు వైపు చూశాడు. నీళ్లు వణకడం లేదు. నా చెయ్యేలే అనుకున్నాడు. ఐదు లెక్కపెట్టాడు. పది, ఇరవై, నలభై.

అప్పుడు గ్లాసు అంచు దాటి ఒక చుక్క జారింది. మడ్‌గార్డు దుమ్ములో సన్నటి గీత గీసుకుంటూ కిందికి పోయింది. దాని వెనకే ఇంకోటి. నీళ్లు వణకలేదు, ఒలికాయి.

“బయటికి రా!”

“ఒక్క బోల్టు నాన్నా...”

“వస్తావా రావా!” ఆ కేక ఆయన గొంతులోంచి ఇరవై ఆరేళ్ల కింద రావలసింది. కూతురు పానా అక్కడే పారేసి చాపతో సహా జారుకుంటూ వచ్చేసింది. లేచి నిలబడి, నుదుటికి గ్రీజు పూసుకుంటూ, “మళ్లీ ఏమైంది...” అనబోయింది.

బండ ఫట్మంది. ఎడమ స్టాండు పక్కకు ఒరిగింది. జీపు ఆ మూల నుంచి కూలబడి, కింద పడుకోబెట్టిన చక్రం మీద గుప్‌మని ఆగింది. గ్లాసు దొర్లుకుంటూ తులసిమొక్క లేని ఖాళీ కుండీ దగ్గర నిలిచింది.

పగిలిన బండ కింద మెత్తటి మట్టి కనిపిస్తోంది. పాత ఇంకుడుగుంట. పదేళ్ల కింద మేస్త్రే పూడ్చి, పైన బండ పరిచాడు. భూమ్మీద నిలబడ్డ ప్రతిదాన్నీ ఊపి చూసిన మనిషి, భూమిని మాత్రం నమ్మేశాడు.

భార్య పరుగెత్తుకొచ్చి కూతుర్ని తల నుంచి కాళ్ల దాకా తడిమింది. “అన్నీ ఉన్నాయే అమ్మా, లెక్కపెట్టకు” అంది కూతురు.

మేస్త్రి నేల మీద కూర్చుండిపోయాడు. “నాకు ముందే తెలిసిందే” అన్నాడు.

“ఏం తెలిసింది?” అంది కూతురు.

“చేతికి తగిలింది. నీళ్లు ఒలకక ముందే. ఒక నిమిషం ఊరుకున్నా.”

“ఎందుకు?”

“మళ్లీ తప్పైతే బాగుండదని.”

కూతురు ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది. కాసేపు ఏమీ అనలేదు. ఆ కాసేపట్లో మేస్త్రికి వెల్డరు మౌనం గుర్తొచ్చింది. ఇక ఈ ఇంట్లోనూ అదే మొదలవుతుందనుకున్నాడు.

“బుద్ధుందా నీకు?” అంది కూతురు.

మేస్త్రి తలెత్తాడు.

“వందసార్లు తప్పు చెప్పు. వందసార్లూ తిడతా, వందసార్లూ బయటికొస్తా. నువ్వు పిలవడం మానేస్తే నేనెవరి మాట విని రావాలి? గ్లాసు పిలుస్తుందా?”

“గ్లాసు తెచ్చింది నువ్వేగా” అంది తల్లి.

“అవును, నేనే. నాకూ బుద్ధి లేదు” అని కూతురు మోచేత్తో కళ్లు తుడుచుకుంది. కళ్ల చుట్టూ గ్రీజు అంటుకుంది. మేస్త్రికి తిట్లు తిన్నాక బరువు కాస్త దిగినట్టయింది. అంతే, కాస్త.

ఆ తర్వాత ఆయన గునపం తీసుకుని పెరట్లో ఒక్కొక్క బండనూ కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు వచ్చిన ప్రతిచోటా సుద్దతో గుండ్రం చుట్టాడు. గట్టి జాగా చూసి, మందపాటి చెక్కలు పరిచి, వాటి మీద స్టాండ్లు పెట్టించాడు. ఆ పూట పదకొండుసార్లు పిలిచాడు. పదకొండుసార్లూ ఏమీ లేదు. పదకొండుసార్లూ కూతురు సణుగుతూ బయటికొచ్చింది. పొద్దు వాలేసరికి ముందు పట్టీలు ఎక్కాయి. బ్రేకు గొట్టం ఎక్కడా బిగుసుకోలేదని చూసుకున్నారు. జీపును చక్రాల మీదికి దించి, దాని బరువు దాని మీద పడ్డాకే బోల్టులు చివరిసారి బిగించారు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలని మేస్త్రి తలుపు వెనక సుద్దతో రాశాడు.

అలా, ఒక కుటుంబం ఒక ఆదివారమంతా ప్రాణాలొడ్డి సాధించిన రెండంగుళాల ఔన్నత్యాన్ని మర్నాడు పొద్దున వీధిలోకి తోలారు. ముందుగా ఎక్కే గౌరవం తల్లికి దక్కింది. ఆవిడ ఒక కాలెత్తింది, దించింది. ఇంకో కాలెత్తింది, దించింది.

“ఎక్కడానికి నిచ్చెన కూడా తెప్పించాల్సింది” అంది.

మేస్త్రి లోపల్నుంచి పీట తెచ్చాడు. కింద పెట్టకముందే కూతురు అందుకుని, నేల మీద పెట్టి, అరచెయ్యి ఆనించింది. ఒకసారి మెల్లగా. ఒకసారి గట్టిగా. మూడోసారి పగవాణ్ణి తోసినట్టు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టసాగింది.

పీట ఊగింది. దానికి ఒక కాలు పొట్టి.