పిన్ని మొదటి ఓటుకి కుంకుమబొట్టు

ఆ రోజుల్లో లోకమంతా నా సలహా కోసమే ఆగి ఉందని గట్టిగా నమ్మేదాన్ని. అమెరికాలో నోవై అనే ఊళ్ళో పిన్ని ఇంట్లో ఉంటూ మొదటి ఉద్యోగం చేసుకుంటున్నాను. వీసా మీద ఉన్నదాన్ని, ఈ దేశంలో నాకు ఓటే లేదు. అయినా ఆఫీసు అయిపోగానే నీలం పార్టీ కోసం ఇల్లిల్లూ తిరిగేదాన్ని. మా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, తాతల కాలం నుంచీ ఎరుపు పార్టీది (మన దగ్గర ఎరుపంటే కమ్యూనిస్టులు, ఇక్కడ సరిగ్గా తిరగేసి, ఎరుపంటే సంప్రదాయవాదులు). అది మెల్లగా మారుతోందని అందరూ అనేవారు. మారుస్తున్నది నేనేనని నా ఊహ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, గెలిచిన రోజు కట్టుకోవడానికి చీర కూడా తీసి పెట్టుకున్నాను.

ఆ ఏడే పిన్నికి పౌరసత్వం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడి ఎన్నికల్ని పక్కింటి పెళ్ళిలా చూసిన మనిషికి అది మొదటి ఓటు. బ్యాలెట్టు పోస్టులో ఇంటికే వచ్చింది. కవరు మీద సంతకం సరిగ్గా లేకపోతే ఓటు చెల్లదని పదిసార్లు చెప్పాను. పిన్ని బుద్ధిగా సంతకం చేసి, కవరు దేవుడి దగ్గర పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, తడి కుంకుమతో సంతకం మీదే బొట్టు పెట్టింది. తనే వెళ్ళి పెట్టెలో వేసి వచ్చింది. నేను చూస్తే ఒట్టు. ఫోన్‌లో ఎవరికో రాజకీయం బోధిస్తున్నాను.

రెండు రోజులకి సిటీ ఆఫీసు నుంచి ఫోను. సంతకం అలుక్కుపోయింది, శుక్రవారంలోగా వచ్చి సరిచేయకపోతే ఓటు లెక్కలోకి రాదన్నారు.  పిన్నిని ఎక్కించుకుని మంచులో కారు తీశాను.

"బొట్టు పెట్టడానికి సంతకమే దొరికిందా పిన్నీ?"

"ఓటుకి ప్రాణం అక్కడే ఉందని నువ్వేగా చెప్పావు. అందుకే అక్కడ పెట్టానే."

ఆఫీసులో తెల్లజుట్టు గుమస్తా ఆవిడకి పిన్ని తన ఇంగ్లీషులోనే విషయం చెప్పుకుంది. కొత్త కారుకి పెడతాం, కొత్త ఇంటికి పెడతాం, ఇది నా మొదటి ఓటు అంది. ఆవిడ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "మా అమ్మ కూడా ప్రార్థన చేసే పంపేది. కాకపోతే పొడి చేతులతో" అంటూ కాగితం ముందుకి జరిపింది. పిన్ని చేతులు తుడుచుకుని కలం అందుకుంది. ఈసారి సంతకం కుదిరింది. నాకు కళ్ళు చెమర్చాయి.

తిరిగొస్తూ అడిగాను. "ఇంతకీ మనవాళ్ళకే వేశావు కదా?"

"అలాంటివి అడక్కూడదే. రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యి."

ఆ సారి మా వార్డులో నీలం వాళ్ళు వెంట్రుకవాసిలో గెలిచారు. ఆ గెలుపు నాదేనని కొన్నేళ్ళు చెప్పుకు తిరిగాను. ఒకప్పుడు మా వీధి మొహం చూడని రెండు పార్టీల వాళ్ళూ ఇప్పుడు పిన్ని గుమ్మంలో చెప్పులు విప్పి కూర్చుంటున్నారు. ఇద్దరికీ ఒకే కాఫీ ఇచ్చి, బడి దగ్గర ఫుట్‌పాత్ ఎప్పుడేస్తారని ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడుగుతుంది.

పెళ్ళయి, పౌరసత్వం వచ్చి, ఇన్నేళ్ళకి మొన్న నేనూ మొదటి ఓటు వేశాను. ఎవరికి వేశావని పిన్ని అడుగుతుందేమోనని వారం రోజులు చూశాను. అడగలేదు.