దూదితాత సమాధి దగ్గర నేను పాడిన పాట

మా మేనత్త సామ్రాజ్యం ప్రత్తిపాడులో ఉంటుంది. రెండెకరాల మిరప, ఎకరం పత్తి చూసుకుంటూనే ఆ ఊరి తత్వాల భజన బృందాన్ని కూడా చాలా ఏళ్ళు తనే నడిపింది. గురువారం సాయంత్రం ఆవిడ పాట ఎత్తుకుంటే చుట్టూ కూర్చున్నవాళ్ళంతా అందుకునేవాళ్ళు. పోయిన దసరా అయ్యాక గుంటూరులో ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. గడ్డ పోయింది గానీ దాంతో పాటే గొంతూ పోయింది. మెల్లగా వస్తుంది, మాట్లాడుతూ ఉండమని డాక్టరు గారు చెప్పారు. సంక్రాంతి నాటికి మాట కొంత తేరుకుంది, బొంగురుగా, మధ్యమధ్యలో గాలిపోతూ. పాట జోలికి మాత్రం అత్త వెళ్ళలేదు. భజనకి వెళ్ళడమే మానేసింది. అలాంటిది ఒకరోజు తనే ఫోన్ చేసి, మాఘ పౌర్ణమికి దర్శి దగ్గర దూదితాత సమాధికి తీసుకెళ్తావా అని అడిగింది. "ఒక్క పాట పాడి రావాలిరా. పదిమంది మధ్యలో అయితే ధైర్యంగా ఉంటుంది," అంది.

ఆ మాట నేను సరిగ్గానే విన్నాను. వినలేదని సాకు చెప్పుకోవడానికి లేదు. కానీ నా మనసు వెంటనే ఈ బ్లాగు మీదకి పోయింది. గుంటూరు నుంచి ఒక్కరోజులో వెళ్ళొచ్చే చోట్ల గురించి రాస్తున్నాను కదా, తత్వాలు పాడేవాళ్ళందరూ గురువుగా తలుచుకునే సమాధి అంటే మంచి పోస్టు అవుతుందనుకున్నాను. వెళ్ళే దారీ ఖర్చూ ఎప్పటిలాగే చెప్తాను. అక్కడ నేను చేసిన పనిని వదిలేసి దారి ఒక్కటే చెప్పడానికి మాత్రం మనసొప్పడం లేదు.

అత్త ముందురోజే మా ఇంటికి వచ్చేసింది. పొద్దున ఆరింటికల్లా గుంటూరు బస్టాండులో అద్దంకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు కాబట్టి ఖర్చల్లా నాదే. చిలకలూరిపేట దాటేదాకా అత్త కిటికీ పక్కన కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చుంది. పాట మననం చేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. అద్దంకిలో బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నాం. అత్త కారప్పొడి వద్దని, తాగడానికి వేడినీళ్ళు అడిగింది. ఆ గొంతు విని హోటలావిడ ఏం జరిగిందని అడిగింది. చెప్పాక, లోపలికి వెళ్ళి నీళ్ళలో శొంఠి వేసి మరిగించి మా సీసా నింపి తెచ్చింది. దానికి డబ్బులు తీసుకోలేదు. పాడి రామ్మా అని మాత్రం అంది. అక్కడ బస్సు మారితే దర్శికి గంట పైన పడుతుంది.

దర్శి నుంచి ఎర్రమిట్టపాలేనికి బస్సులు తక్కువ. రానూపోనూ ఎనిమిది వందలకి ఆటో మాట్లాడుకున్నాం. సాయంత్రం దాకా అక్కడే ఉండి మళ్ళీ దర్శిలో దింపాలని ముందే చెప్పాను. డ్రైవర్ పేరు వెంకటేశ్వర్లు, నలభై దాటిన మనిషి, ఆ పక్క ఊరివాడే. మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. గాలి మళ్ళినప్పుడల్లా ఘాటు ముక్కులోకి కొడుతోంది. అత్తకి దగ్గు తెర వచ్చింది. వెంకటేశ్వర్లు ఆటో ఆపి, తన తువాలు నీళ్ళలో తడిపి పిండి ఆవిడకిచ్చాడు. ముక్కూ నోరూ మూసుకోమని, కల్లాలు దాటేదాకా మాట్లాడొద్దని చెప్పాడు. ఆ తర్వాత వీలైనచోటల్లా కల్లాలు లేని చేల డొంకల్లోంచి తిప్పి తీసుకెళ్ళాడు. నేను వెనక కూర్చుని ఎర్రగా పరుచుకున్న కల్లాల ఫోటోలు తీసుకున్నాను.

దారిలో దూదితాత కథ చెప్పిందీ అతనే. తాతది ఏ ఊరో, అసలు పేరేమిటో ఎవరికీ తెలియదట. పరుపులకీ బొంతలకీ దూది ఏకి పెట్టే మనిషి. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. దూది ఏకుతుంటే ఆ విల్లు నారి ఝుమ్మని మోగుతుంది కదా, అదే ఆయనకి శ్రుతి. దాని మీదే తత్వాలు కట్టి పాడేవాడు. అయితే ఏ పాదమూ పూర్తిగా పాడేవాడు కాదట. సగం పాడి ఆగేవాడు. దూది ఇచ్చిన ఇంటివాళ్ళు మిగతా సగం అందుకోవాలి. అందుకునేదాకా చెయ్యి కదిపేవాడు కాదు. ఆయన పోయాక ఎర్రమిట్టపాలెంలో సమాధి కట్టి, పక్కన గోడకి ఆ విల్లు తగిలించారు. వేటపాలెం నుంచి కనిగిరి దాకా తత్వాలు పాడేవాళ్ళు కొత్త తంబుర కొన్నా, కొత్త తాళాలు చేయించినా ముందు ఇక్కడికి తెచ్చి తాకించి గానీ వాయించరు. జబ్బుపడి లేచినవాళ్ళ గొంతు కూడా అంతేనట, మొదట తాత దగ్గరే తెరవాలంటారు. అద్దంలో అత్త ముఖం చూస్తూ వెంకటేశ్వర్లు ఆ చివరి మాట చెప్పాడు. అత్త తల ఊపింది.

సమాధి ఊరికి అవతల పత్తిచేల మధ్య చిన్న పెంకుటిల్లు లాంటి గది. ముందు రేకుల పందిరి. దాని బాగోగులు చూసే నాగయ్య గారు అక్కడి రైతే. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పద్ధతి చెప్పారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తంబుర వరసగా చేతులు మారుతుంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒక పాట పాడాలి, మిగతావాళ్ళు పల్లవి అందుకోవాలి. మైకు లేదు, చప్పట్లు లేవు. పొద్దు గుంకగానే హారతి. హారతి అయ్యాక ఆ విల్లుని ఒక్కసారి మీటుతారు. ఆ తర్వాత మళ్ళీ ఏడాదిదాకా అక్కడ పాట లేదు. భోజనం పప్పు, గోంగూర, పెరుగు, అందరికీ ఉచితం. అత్త పెరుగన్నం మాత్రం తిని శొంఠినీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ కూర్చుంది.

మూడింటికి పాట మొదలైంది. ఒక్కొక్కరిదీ ఒక్కో గొంతు. కొందరికి తాళం తప్పుతోంది, కొందరికి మాటలు మరుపొస్తున్నాయి. ఎవరు తడబడినా మిగతావాళ్ళు పల్లవి ఎత్తుకుని మోసేస్తున్నారు. అత్త కూడా మెల్లగా పెదవి కలుపుతోంది. ఆవిడ నా కుడిపక్కన కూర్చుంది, ఆవిడకి అవతల గోడకి ఆనుకుని వెంకటేశ్వర్లు. తంబుర నా దగ్గరికి వచ్చేసరికి పందిరిలోకి ఎండ ఏటవాలుగా పడుతోంది. నాగయ్య గారు దగ్గరికొచ్చి, పొద్దు వాలుతోంది, అత్తగారికి ఇస్తారా అని అడిగారు. అలా దాటించేసి ఉంటే సరిపోయేది. ఒక్కటి పాడి ఇస్తానన్నాను.

నేను గుంటూరులో ఒక కరోకే బృందంలో పాడతాను. బాగానే పాడతానని పేరు. అత్త దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న తత్వమే ఎత్తుకున్నాను. "గింజ తీసిన దూది గాలికే తేలునయ్యా, 'నేను' తీసిన మనసు నీ దరికి చేరునయ్యా" అని దాని పల్లవి. మొదటిసారి అందరూ అందుకున్నారు. వాళ్ళు పాడిన వరస మరీ చప్పగా అనిపించి రెండోసారి పై స్థాయికి తీసుకెళ్ళి సంగతులు వేశాను. అందుకోవడం సగానికి తగ్గింది. ఇంకో రకంగా తిప్పాను. పందిరంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నా పాట కోసమే అనుకున్నాను. వెంకటేశ్వర్లు ఫోను పైకెత్తి వీడియో తీస్తుండటం కంటికొసన కనిపించింది. దాంతో ఇంకా హుషారొచ్చింది. నాలుగు చరణాలూ పాడాను, ఒక్కో చరణం తర్వాత పల్లవిని కొత్తగా అల్లుకుంటూ. మధ్యలో అత్త నా మోకాలి మీద చెయ్యి వేసింది. మెచ్చుకుంటోందనుకున్నాను. కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాను.

గంట మోగింది. కళ్ళు తెరిచేసరికి పందిట్లో ఎండ లేదు. నాగయ్య గారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరో నా చేతిలోంచి తంబుర నెమ్మదిగా తీసుకున్నారు. అందరూ లేచారు. అత్త అప్పటికే తాగడం అయిపోయిన సీసాకి మూత బిగిస్తోంది. లోపల విల్లు ఒక్కసారి ఝుమ్మంది. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

నాగయ్య గారి దగ్గరికి పరుగెత్తాను. మా అత్త ఆపరేషన్ తర్వాత మొదటిసారి పాడటానికి వచ్చింది, ఒక్క పల్లవి పాడనివ్వండి అని బతిమాలాను. ఆయన కోప్పడలేదు. "మీ అత్తగారు రాగానే చెప్పారండీ. అందుకే మిమ్మల్ని అడిగాను," అన్నారు. హారతి అయ్యాక తాత దగ్గర ఎవరికీ విడిగా పద్ధతి లేదని, వచ్చే ఏడు తీసుకురమ్మని చెప్పి తంబుర తంత్రులు వదులు చెయ్యడానికి వెళ్ళిపోయారు. వెనక్కి వచ్చి అత్త ఎదురుగా నిలబడ్డాను. ఆవిడే నా భుజం పట్టుకుని పైకి లేచింది. "పోనీలేరా. నువ్వు బాగా పాడావు," అంది. తిట్టి ఉంటే ఆ దారంతా తల ఎత్తుకుని కూర్చోగలిగేవాణ్ణేమో.

దర్శి దాకా అదే ఆటోలో వచ్చాం. దిగేటప్పుడు వెంకటేశ్వర్లు, నా పాట వీడియో పంపిస్తానని నంబరు తీసుకున్నాడు. వద్దని చెప్పలేకపోయాను. బస్సులో అత్తని ఇక్కడే మెల్లగా పాడమని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బస్సులో పాడేదాన్నయితే ఇంట్లోనే పాడుకునేదాన్ని కదరా అంది. ఆ తర్వాత గుంటూరు దాకా నిద్రపోయింది, లేదా నిద్రపోయినట్టు ఉంది.

ఆ వీడియో నాలుగు రోజులు తెరవలేదు. ఈ పోస్టు రాద్దామని కూర్చుని, ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నా గొంతు పెద్దగా, నున్నగా వినిపిస్తోంది. పందిరంతా అందుకోవడం మానేసిందనుకున్న చోట, నా పాదం అయిపోగానే, ఫోనుకి దగ్గరగా ఇంకో గొంతు ఉంది. బొంగురుగా, విరిగిపోతూ, "నీ దరికి చేరునయ్యా" అంటోంది. అత్త. నేను వరస మార్చినప్పుడల్లా ఆ గొంతు తడుముకుని, ఆగి, మళ్ళీ పట్టుకోవడానికి చూసింది. అందరూ వదిలేసిన నా పాటకి ఆవిడ ఒక్కతే జవాబు పాడింది. మూడో చరణం దగ్గర నేను మరీ పైకి పోయాను. అక్కడ ఆ గొంతు ఆగిపోయింది. మోకాలి మీద చెయ్యి వేసింది అప్పుడే.

ఆదివారం ప్రత్తిపాడు వెళ్ళాను. అత్త వాకిట్లో మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. పక్కన కూర్చుని, నువ్వు పాడావత్తా, నేనే వినలేదు, వీడియోలో ఉంది అన్నాను. తప్పయిపోయిందని చెప్పాలని ఎంతో అనుకుని వెళ్ళాను గానీ అత్త ఆ మాట పూర్తి కానివ్వలేదు. చేతులు చెంగుకి తుడుచుకుని ఫోను అందుకుంది. "నా గొంతు వినపడిందా? ఏదీ, పెట్టు," అంది. చెవికి ఆనించుకుని మొత్తం వింది. మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. నా పాట జరుగుతున్నంతసేపూ ఊరికే చూస్తూ ఉండి, తన గొంతు వచ్చినచోట మాత్రం ఫోను చెవికి ఇంకా నొక్కుకుంది. మూడోసారి విన్నాక, "శ్రుతిలోనే ఉంది కదరా," అంది. ఆ ముఖంలో అంత సంతోషం ఆపరేషన్ తర్వాత నేను చూడలేదు. నాకు మాత్రం తలెత్తి ఆవిడ వైపు చూడటం కష్టమైంది. ఆ గురువారం నుంచి భజనకి వెళ్తోందని తర్వాత తెలిసింది. వెనక వరసలో కూర్చుంటోందట.

పాటకి మూలపురుషుడైన గురువుని చూసి వద్దామని వెళ్ళాను. సగం పాడి ఆగిపోయే మనిషి కథ దారిలోనే విన్నాను, విని తల కూడా ఊపాను. తీరా తంబుర చేతికొచ్చాక ఆగడం నాకు చేతకాలేదు. ఇన్నాళ్ళూ నా పాటకి జనం నిశ్శబ్దంగా ఉంటే గొప్పగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు కరోకేలో పాట అయ్యాక గది నిశ్శబ్దంగా ఉంటే, అందులో ఎవరి గొంతు ఆగిపోయిందో అనిపిస్తోంది. వచ్చే మాఘ పౌర్ణమికి అత్త మళ్ళీ వెళ్దామంటోంది. నన్నే తీసుకెళ్ళమంది. ఆ నమ్మకానికి నేను తగినవాణ్ణో కాదో తెలియదు.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అక్కడ తంబుర గుమ్మం పక్కనుంచి మొదలై కుడిచేతి వైపుగా తిరుగుతుంది, వరస మొత్తానికీ అందకముందే పొద్దు గుంకుతుంది. మీతో ఎవరైనా పాడటానికి వస్తే, వాళ్ళని మీకు ఎడమవైపు కూర్చోబెట్టండి.