అక్క చూపించిన పుట్టగొడుగు

మా పిన్నికి మనుషులతో పొత్తు కుదరదు. చెట్ల మానులకు అరల్లా పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగులతోనే ఆవిడ కాపురం. పరిశోధనశాలలో ఆవిడ గదినిండా అట్టపెట్టెలే. వాటిలో ఎండి చెక్కలైపోయిన పుట్టగొడుగులు, కలరా ఉండల వాసన.

"కిటికీ తియ్యి పిన్నీ, తల తిరిగిపోతోంది" అంటే, "తేమ తగిలితే పురుగు పడుతుందే. నీ తలకేం, గట్టిదే" అనేది.

ఆవిడకు తోడంటూ ఉన్నది మా అమ్మ ఒక్కతే. అమ్మకు ఆ శాస్త్రంలో ఓనమాలు కూడా రావు. చెల్లెలు ఒంటరిగా అడవిలో తిరుగుతోందని సంచి మోస్తూ వెంట వెళ్ళేది. అమ్మ చనిపోయే ముందు ఏడాది వానల్లో, కూలిన మాను మీద తెల్లటిదొకటి చూసి, "ఏమే, దీని అడుగు చూడవే! ఎవరో దారి తప్పి తిరిగినట్టుంది" అందట. ఆ రకానికి మామూలుగా అడుగున గుండ్రటి సన్న రంధ్రాలుంటాయి. దీనికి మాత్రం మెలికలు తిరిగిన గాళ్ళు, సన్నటి నాగటిచాళ్ళలా.

అమ్మ పోయాక పిన్ని దాన్ని కొత్త జాతిగా నిలబెట్టి, అమ్మ పేరు పెట్టాలని పట్టుబట్టింది. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మందం కొలిచింది, గాళ్ళు కొలిచింది. సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాలు మాత్రం మామూలువాటిలాగే ఉన్నాయని గొణిగింది. నేను పట్టించుకోలేదు. ఇక మిగిలింది డీఎన్ఏ పరీక్ష.

ఫలితం వచ్చిన రోజు వెళ్ళేసరికి పిన్ని కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుని ఉంది.

"మామూలుదేనే. రంధ్రాలున్నదీ, గాళ్ళున్నదీ ఒకటే జాతి. ఆకారమే మారుతుంది."

నాకు ఒళ్ళు మండింది. "బూజేదో కలిసి పరీక్ష తప్పిందేమో!"

"నేనూ అదే ఆశపడ్డాను. నీకు చెప్పకుండా లోపలి ముక్క తీసి మళ్ళీ చేయించాను. ఇవాళా అదే వచ్చింది."

"ఇన్నాళ్ళూ మూడే కాళ్ళని, ఇప్పుడు నాలుగోది నువ్వే చూపిస్తావా? గాళ్ళు వేరుగా ఉన్నాయిగా, చాలు. పెట్టెయ్ అమ్మ పేరు!"

"అబద్ధానికి మీ అమ్మ పేరు పెట్టమంటావా?" అని అరిచింది. పిన్ని అరవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, అమ్మ రెండోసారి పోయినట్టనిపించింది నాకు.

సాయంత్రం తనే కొత్త చీటీ అతికించి, ఆ పెట్టెను మామూలు జాతి పెట్టెల మధ్య పెట్టేసింది. అప్పటిదాకా అది ఆవిడ చేతికందేలా బల్ల మీదే ఉండేది. బల్ల బోసిపోయింది.

ఇంటికి నడుస్తుంటే రోడ్డు పక్క నరికిన మొద్దు మీద అలాంటివే గుత్తిగా కనిపించాయి.

"ఇవీ అవేనా పిన్నీ?"

"అవే. ఎక్కడ పడితే అక్కడే ఉంటాయి. రోజూ వీటి పక్కనుంచే వెళ్తాను. ఆగి చూడవే అని పిలిచేవాళ్ళు లేరు కదే."

మొద్దు పక్కన కూలబడి ఒకదాని కింద వేలు పెట్టి తడిమాను. గాళ్ళూ లేవు, ఏమీ లేవు. వట్టి రంధ్రాలే.

"పిన్నీ, దీని అడుగు చూడు" అన్నాను.

పిన్ని సంచి కింద పెట్టి, నా పక్కన కూర్చుని, చాలాసేపు చూసింది.