షాఫ్టు మీద వంకర చార

మా పిన్నిని కారు భాగాలు తయారుచేసే వర్క్‌షాపులో అందరూ కొలిమక్క అంటారు. ఆవిడ పనిచేసే చోట కొలిమీ లేదు, మంటా లేదు. రాగి గొట్టంతో చేసిన చుట్ట ఒకటి ఉంటుంది. కారు స్టీరింగ్ కిందికి వెళ్ళే షాఫ్టును దాని మధ్య నిలబెట్టి కాలితో పెడలు నొక్కితే, ఏదీ తాకకుండానే ఇనుము ఎర్రబడుతుంది. వెంటనే చుట్టూ నీళ్ళు చిమ్ముతాయి. షాఫ్టు మీద బూడిదరంగు చార మిగులుతుంది. అంతమేర ఇనుము గట్టిపడినట్టు.

పక్క బల్ల దగ్గర నేను ఆ చారల మీద ఆకురాయి పెట్టి చూస్తాను. జారితే మంచిది. కొరికితే మెత్తగా ఉన్నట్టు, పక్కన పడేయాలి. బడి మానేసి తన ఇంట్లోనే ఉంటున్న నన్ను ఈ పనిలో పెట్టించింది పిన్నే. "దీనికి నోరు లేదు గానీ కళ్ళున్నాయి" అని చెప్పి.

పోయిన ఎండాకాలం పిన్ని బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. "ఆ చుట్ట దగ్గరికి ఇక వెళ్ళకూడదమ్మా. అది మీ గుండె మిషన్ని తికమక పెట్టేస్తుంది" అన్నాడు డాక్టరు. పిన్ని బుద్ధిగా తలూపింది. షాపులో మాత్రం జ్వరమొచ్చిందని చెప్పి మళ్ళీ అక్కడే నిలబడింది.

"పిన్నీ, డాక్టరు..." అన్నాను.

"నోర్మూసుకో. తెలిస్తే గేటు చూపిస్తారు. మన పొయ్యి ఎలా వెలుగుతుందే?"

ఆ తర్వాత ఆవిడ నిలబడే తీరు మారింది. ఒళ్ళు వెనక్కి వాల్చి, పొడవాటి పట్టకారుతో షాఫ్టు పెట్టేది. కాలి కొనతో పెడలు అందుకునేది.

"ఏం కొలిమక్కా, మిషనుతో అలకా?" అన్నాడు ఇనుము చెక్కే లేతు మిషను పనివాడు.

"నీ మొహం చూసి జడుసుకుందిరా. కాస్త గాలి ఆడనిస్తున్నా."

అందరూ నవ్వారు. పెడలు నొక్కిన ప్రతిసారీ ఆవిడ ఊపిరి బిగబట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

నిన్న ఒక షాఫ్టు మీద చార వంకరగా కనిపించింది. చుట్ట మధ్య సరిగ్గా నిలబడక ఒకవైపే కాలింది. రెండోవైపు ఆకురాయి కొరికింది. ఇంకోటి తీశాను. అదీ అంతే. రెండూ తీసుకెళ్ళి పిన్ని ముందు పెట్టాను.

ఆవిడ చార వెంట వేలితో తడిమింది. "ఇలాంటివి బయటికి వెళ్ళాయా?"

"నా చేతికొచ్చినవి ఆపాను. నేను తినడానికి వెళ్ళినప్పుడు వేరే అమ్మాయి చూసింది. తను చూసి సర్దిన పెట్టె లారీ దగ్గరుంది."

పిన్ని గ్లౌజులు తీసి బల్ల మీద పడేసింది. సూపర్‌వైజర్ దగ్గరికి నడిచింది.

"సార్, ఆ పెట్టె ఆపించండి. అందులో నా తప్పులున్నాయి."

"మీ చేత్తో తప్పేంటమ్మా?"

పిన్ని భుజం కింద చెయ్యి పెట్టుకుని అంతా చెప్పేసింది. ఆయన ఆవిణ్ణి చుట్టకి ఇంకా దూరంగా లాక్కెళ్ళాడు. "మీకేమైనా అయితే మా గతేంటి?" అని కసిరాడు. పెట్టె వెనక్కి తెప్పించి, రేపు ఆఫీసుకు రమ్మన్నాడు. వేరే పని ఇస్తామని మాత్రం అనలేదు.

ఇవాళ పిన్ని ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చుంది. ఇంకా పిలవలేదు. పిన్ని చోట, చుట్ట ముందు లేతు పనివాడు ఉన్నాడు. అతను పంపిన మొదటి షాఫ్టు మీద ఆకురాయి పెట్టాను. చుట్టూ తిప్పాను. ఎక్కడా కొరకలేదు.

తలెత్తితే, గాజు తలుపు అవతల నుంచి పిన్ని నా చేతులకేసే చూస్తోంది. బాగానే ఉందన్నట్టు తలూపాను. ఆవిడ మొహం తిప్పేసుకుంది.